నాన్నకి డయాలసిస్ నడుస్తుంటే అమ్మ గురువు దగ్గరికి తీసుకెళ్దామంటోంది, ఏం చెయ్యాలి?

ఉద్దానం_బాబు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు. ఉద్దానం అంటే చాలు, మిగతాది మీకే అర్థమవుతుంది. కొబ్బరి, జీడి, పనస, కిడ్నీ జబ్బు. మా వీధిలో ఈ జబ్బుతో మనిషిని పోగొట్టుకోని ఇల్లు వెతుక్కోవాలి. నాన్నకి 57 ఏళ్లు. షుగర్ లేదు, తాగుడు లేదు. కొబ్బరి దింపు పనికి వెళ్లేవాడు, మాకూ చిన్న తోట ఉంది. క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతినేకొద్దీ రక్తపరీక్షలో పెరిగే అంకె) 2 దగ్గర ఉన్నప్పటి నుంచి మందులు వాడుతూనే ఉన్నాడు. మొన్న వేసవిలో కాళ్లు వాచి, తిన్నది ఇమడక, రాత్రిళ్లు పడుకోలేక కూర్చునే నిద్రపోవడం మొదలైంది. విశాఖ తీసుకెళ్తే క్రియాటినిన్ 9 దాటిందన్నారు. మెడ దగ్గర పైపు వేసి డయాలసిస్ మొదలెట్టారు. ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టేది) కూడా అయింది, అది పనికొచ్చేదాకా కొన్ని వారాలు ఆగాలట. ఇప్పుడు మాకు దగ్గర్లోని యూనిట్‌లో వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీలోనే అయిపోతోంది. కిడ్నీ పింఛను 10 వేలకి కాగితాలు పెట్టాం. డబ్బు గురించి కాదు నా బాధ.

అమ్మకి డయాలసిస్ అంటే హడల్. వాళ్ల అన్నయ్య, అంటే మా పెద్దమావయ్య, ఇచ్ఛాపురం దాటాక ఒడిశా వైపు పల్లెలో ఒక గురువు ఉన్నాడని చెప్పాడు. బియ్యం గింజలు వేసి చూస్తాడట. నాన్నని చూడకుండానే, చొక్కా పట్టుకుని "ఇది జబ్బు కాదు, మీ తోట గట్టు దగ్గర ఎవరో చెడుపు పెట్టారు" అన్నాడు. గట్టు తగాదా మాకు నిజంగానే ఉంది. ఉద్దానంలో గట్టు తగాదా లేని తోట ఎక్కడుందో ఆ గురువే చెప్పాలి. కానీ అమ్మకి అక్కడే నమ్మకం కుదిరిపోయింది.

ఆయన షరతులు ఇవి. వచ్చే అమావాస్య నుంచి నాన్న అక్కడే ఉండాలి. తెల్లవారుజామున చెరువులో స్నానం. పొద్దున, సాయంత్రం మంత్రించిన కొబ్బరి బొండం నీళ్లు. ఏదో వేరు అరగదీసి ఇస్తాడు. ఎడమ జబ్బకి తాయెత్తు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడున్నన్నాళ్లూ డయాలసిస్ మానెయ్యాలి. "మిషను రక్తం తాగుతుంటే నా మంత్రం దేనికి పట్టాలి?" అన్నాడట. డబ్బు అడగడు. నల్లకోడి, బట్టలు, తర్వాత తోచింది. డబ్బు అడగడు కాబట్టి మోసగాడు కాదని మావయ్య వాదన.

నేను కాదంటే అమ్మ ఒకటే అడుగుతోంది: "ఆ మిషినెక్కినోలు ఎవులైనా బాగయ్యారేట్రా? ఒక్కర్ని సూపించు." నేను చూపించలేకపోతున్నాను. మా ఊళ్లో డయాలసిస్‌కి వెళ్లినవాళ్లలో చాలామంది పోయారు, అది నిజం. పైగా మా వెనక వీధిలో ఒకాయన ఉన్నాడు. ఆయనకీ డయాలసిస్ చేశారు, మధ్యలో ఆపేసి ఈ గురువు దగ్గరికే వెళ్లాడు, ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నాడు. ఆయన ఎదురుపడిన ప్రతిసారీ మా ఇంట్లో నా మాట విలువ ఇంకొంచెం తగ్గిపోతోంది.

ఇంకొకటి. ఈ జబ్బు ఉద్దానంలోనే ఇంతలా ఎందుకొస్తోందో ఎన్ని బృందాలు వచ్చి నీళ్లూ మట్టీ పట్టుకెళ్లినా ఇదీ కారణమని తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో పెద్ద ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. వంశధార నీళ్లకి పైపులూ వేశారు. అయినా "ఎందుకొచ్చింది?" అని అమ్మ అడిగితే డాక్టర్ దగ్గర జవాబు లేదు. గురువు దగ్గర ఉంది.

నాన్న ఏమీ మాట్లాడడు. ఒకసారి మాత్రం "మీ అమ్మ మనసు కష్టపెట్టకు" అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌ని, సెలవు పెట్టి వచ్చాను, ఎక్కువ రోజులు ఉండలేను. నేను బండెక్కిన మర్నాడే మావయ్య ఆటో తెస్తాడని టెన్షన్.

అడగాలనుకున్నది: డయాలసిస్ ఆపితే నిజంగా ఏమవుతుంది? రెండూ కలిపి నడిపించే దారి ఉందా? అమ్మకి ఎలా చెప్పాలి?


నిజం_నిప్పు:

ఇందులో ఆలోచించేదేముంది? పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఆ దొంగబాబా మీద కంప్లైంట్ ఇవ్వండి. మీ మావయ్య పేరు కూడా రాయండి. ఇంకా ఈ కాలంలో చేతబడి, చెడుపు అనుకుంటూ కూర్చుంటే దేశం ఎప్పుడు బాగుపడాలి?


ఉద్దానం_బాబు:

అన్నా, మావయ్య మీద కేసు పెడితే అమ్మ ఆ రాత్రే నాన్నని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతుంది. నాకు కావాల్సింది నాన్న డయాలసిస్ ఆగకపోవడం, అంతే.


డయాలసిస్_సిస్టర్:

తమ్ముడూ, నేను ఉత్తరాంధ్రలోనే ఒక డయాలసిస్ యూనిట్‌లో టెక్నీషియన్‌ని. ఏ ఊరో చెప్పను. మీ అమ్మలాంటి అమ్మలని వారంలో ఆరు రోజులూ చూస్తాను. డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

ముందు కొబ్బరినీళ్లు. నువ్వు రాసిన వాటిలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది చెడుపూ కాదు, కోడీ కాదు, ఆ బొండం. మనందరికీ కొబ్బరినీళ్లంటే చలవ, ఒంటికి మంచిది. కిడ్నీ పనిచేసేవాళ్లకి మంచిదే. కొబ్బరినీళ్ల నిండా పొటాషియం. ఎక్కువైన పొటాషియాన్ని మామూలుగా కిడ్నీ మూత్రంలో పంపేస్తుంది. మీ నాన్నకి ఆ పని చేసేది ఇప్పుడు ఎక్కువగా మిషనే. ఒక బొండంలోనే సుమారు 600 మిల్లీగ్రాములు, కాయ పెద్దదైతే ఇంకా ఎక్కువ ఉంటుంది. డయాలసిస్ మనిషికి రోజు మొత్తం తిండిలో కలిపి సుమారు 2,000 దగ్గర ఆపమంటాం. రోజుకి రెండు బొండాలు తాగించి, మిషన్ ఆపేస్తే రక్తంలో అది పేరుకుంటూ పోతుంది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది 6.5 దాటితే గుండె కొట్టుకోవడం గతి తప్పొచ్చు. కొందరికి కాళ్లు పట్టు తప్పినట్టవుతాయి. కొందరికి ఏ సూచనా ఉండదు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఒరిగిపోతారు. అప్పుడు ఊళ్లో "చెడుపు ముదిరిపోయింది, ఆలస్యంగా తెచ్చారు" అంటారు.

డయాలసిస్ ఆపితే ఏమవుతుందని అడిగావు. మూత్రం ఎంత వస్తోందన్న దాని మీద ఉంటుంది. పూర్తిగా ఆగిపోయినవాళ్లు వారం పది రోజులు దాటడం కష్టం. కొంచెం వస్తుంటే ఇంకొన్నాళ్లు. ముందు ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు, తర్వాత మగత. వరసగా రెండు రోజులు గ్యాప్ వచ్చిన తర్వాత రోజంటేనే మాకు భయం, ఆ రోజు వచ్చేవాళ్లని ముందు ఆయాసం ఉందా అని చూస్తాం. అలాంటిది అమావాస్య నుంచి అన్నాళ్లు అంటే ఆ గురువు ఏమంటున్నాడో ఆయనకే తెలీదు.

చెరువు స్నానం కూడా కుదరదు. మెడలో ఉన్న పైపు కొస నేరుగా గుండె దగ్గర పెద్ద రక్తనాళంలో ఉంటుంది. దాని కట్టు తడిస్తే సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లి చలిజ్వరం వస్తుంది. అది రక్తమంతా పాకే జ్వరం, పారాసిటమాల్‌తో పోయేది కాదు. ఇంట్లో స్నానమైనా మెడ కింద నుంచే.

ఇక తాయెత్తు. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి వివరంగా రాస్తాను. ఫిస్టులా అంటే చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టారు. అక్కడ వేలు పెట్టి చూడు, జుయ్‌మని అదురుతుంటుంది. ఆ అదురు ఉన్నంతకాలం ఫిస్టులా బతికున్నట్టు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది పొడవకూడదు, వాచీ, గాజు బిగుతుగా ఉండకూడదు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు. మా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. జాతరకి వెళ్లి, సరిగ్గా ఫిస్టులా పైన నల్లతాడుతో రాగి రేకు కట్టించుకుని వచ్చాడు. తాడు కింద చర్మం గాడి పడింది. నేను వేలు పెడితే అదురు లేదు. చెవి దగ్గర పెట్టుకున్నా చప్పుడు లేదు. తాడు కోసేశాం కానీ లోపల గడ్డ కట్టేసింది. మళ్లీ విశాఖ, మళ్లీ మెడకి పైపు, మళ్లీ ఇంకో చేతికి ఆపరేషన్. నేను ఆయన్ని తాయెత్తు ఎందుకు కట్టుకున్నావని తిట్టలేదు. "మెళ్లో వేసుకోవచ్చుగా తాతా" అన్నాను. "అలా కూడా వెయ్యొచ్చని ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు. అప్పటినుంచి కొత్తగా ఫిస్టులా వేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఇది నేనే ముందు చెప్తున్నా. కాబట్టి నీ రెండో ప్రశ్నకి జవాబు, అవును, దారి ఉంది. తాయెత్తు మెళ్లో వేసుకోనీ, మెడ పైపు కట్టుకి తగలకుండా పొడుగు తాడుతో. లేదా కుడిచేతికి. విభూతి నుదుటికి. మంత్రం చెవిలో. ఒంటి మీద నుంచి తీసేవి ఏవైనా తియ్యనీ. నోట్లోకి మాత్రం ఏదీ పోకూడదు, డయాలసిస్ రోజు తప్పకూడదు.

వేరు ఏంటో కనుక్కో. పాముకాటుకి వాడే ఈశ్వరి వేరు అయితే దాంట్లోనే కిడ్నీని తినేసే విషం ఉంది. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఆ జాతి వేరు కలిసిన మందు తీసుకున్న ఆడవాళ్లకి కిడ్నీలు పోయాయని మా డాక్టర్‌గారు చెప్తుంటారు. ఈశ్వరి కాకపోయినా, పేరు చెప్పని వేరు వద్దు.

ఇక మీ వెనక వీధి ఆయన. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కిడ్నీ పోవడం రెండు రకాలు. విరేచనాలై ఒంట్లో నీరు పోయినా, ఎలుక జ్వరం వచ్చినా, నొప్పి మాత్రలు అదే పనిగా మింగినా కిడ్నీ ఒక్కసారిగా ఆగిపోతుంది. కొన్ని డయాలసిస్‌లు చేస్తే చాలాసార్లు తిరిగి పనిచేస్తుంది. మిషన్ అక్కర్లేదని అప్పుడు మేమే ఆపేస్తాం. ఆయనది అదై ఉండొచ్చు. పాత కాగితాలు ఉంటే అడిగి చూడు, అంతకుముందు ఏడాది క్రియాటినిన్ ఎంతుందో తెలిస్తే తేలిపోతుంది. మీ నాన్నది ఏళ్ల తరబడి మెల్లగా పోయింది. అది తిరిగి రాదు. డయాలసిస్ బాగుచేసే మందు కాదు, కిడ్నీ చేసే పనిని వారానికి పన్నెండు గంటలు అద్దెకి తెచ్చుకోవడం. "మిషినెక్కినోలు బాగయ్యారా" అని మీ అమ్మ అడిగితే నువ్వు బాగవుతారని వాదించకు, అక్కడే ఓడిపోతావు. బాగవ్వరు, ఉంటారు. మా యూనిట్‌లో ఏళ్లుగా వస్తూ, మధ్య రోజుల్లో కిరాణా కొట్టు నడుపుకునేవాళ్లు ఉన్నారు. పోయినవాళ్లలో చాలామంది ఎలా పోయారో కూడా చెప్పు. క్రియాటినిన్ 15 దాకా ఇంట్లో ఉండి, ఊపిరాడక అర్ధరాత్రి ఆటోలో వచ్చి, రెండు డయాలసిస్‌లు అయ్యాక పోతారు. మిషన్ మీద పోయారు కాబట్టి మిషన్ చంపిందంటారు.

"రక్తం తాగేస్తుంది" అన్నదానికి. ఏ క్షణంలో చూసినా పైపుల్లో ఉండేది గ్లాసెడు రక్తం. చివర్లో సెలైన్‌తో కడిగి తిరిగి ఒంట్లోకి పంపేస్తాం, గొట్టాల గోడలకి అంటుకున్నది కొంచెం పోతుంది. వాళ్లు పాలిపోయి కనపడేది ముఖ్యంగా అందుకు కాదు. రక్తం పట్టడానికి కావాల్సిన హార్మోన్ తయారుచేసేది కూడా కిడ్నీయే. అందుకే ఆ ఇంజెక్షన్ ఇస్తాం. మీ నాన్నకి ఇస్తున్నారో లేదో అడుగు.

చివరగా, మీ అమ్మని ఒక్కసారి యూనిట్‌కి తీసుకురా. బయట బెంచీ మీద కాదు, అనుమతి అడిగి లోపలికి. ఎక్కేముందు బరువు, దిగాక బరువు ఆమెనే చూడమను. రెండు మూడు కిలోలు తగ్గుతుంది, అదంతా నీరే. ఫిస్టులా మీద ఆమె వేలు పెట్టించు. రోజూ పొద్దున అదురు ఉందో లేదో చూసే పని ఆమెకి అప్పజెప్పు. గురువు ఆమెకి చెయ్యడానికి ఒక పని ఇచ్చాడు. మన ఆసుపత్రులు "మీరు బయట కూర్చోండమ్మా" అంటాయి.


బొబ్బిలి_పెద్దాయన:

సిస్టర్ గారు బాగా చెప్పారు. నేను మంత్రతంత్రాలు నమ్ముతాను, దాచుకోను. మా ఆవిడకి పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఐదు నిమిషాలు మాతో కూర్చుని మాట్లాడినవాడు లేడు. "స్కాన్ తీశారా? కౌంటర్‌లో కట్టారా?" ఇంతే. మేం వెళ్లిన గురువు గంటసేపు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, పిల్లల గురించి అడిగాడు. నడక వచ్చింది ఫిజియోథెరపీ వల్లేనని నాకూ తెలుసు. కానీ ఆవిడ ఆ ఎక్సర్‌సైజులు చెయ్యడానికి మంచం మీంచి లేచింది ఆయన మాట మీదే. అందుకని బాబూ, మీ అమ్మగారిని మూఢురాలు అనకు. కాకపోతే మావాడు "మందులు మానండి" అని ఏనాడూ అనలేదు. అన్న రోజున నేనూ లేచి వచ్చేసేవాణ్ని. ఆసుపత్రి మానెయ్యమన్నవాడు గురువు కాదు, నా లెక్కలో.


కువైట్_అక్క:

మాది రాజోలు దగ్గర. మేం క్రైస్తవులం, మా కథ కూడా ఇలాంటిదే కాబట్టి రాస్తున్నా.

అమ్మకి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ అని తేలింది. అప్పుడు నేను ఇక్కడ కువైట్‌లో ఒక ఇంట్లో పనిలో ఉన్నా, ఫోన్‌లోనే అన్నీ. మా పిన్ని స్వస్థత కూటాలకి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. ప్రార్థన చేస్తే అమ్మకి నిద్ర పడుతోంది, నాకూ సంతోషమే. ఒక కూటంలో మాత్రం స్టేజీ మీద ఆయన "నీకు నిజంగా విశ్వాసం ఉంటే మాత్రలు ఇక్కడ పారేసి వెళ్లు" అన్నాడట. అమ్మ పారేసి వచ్చింది. రేడియేషన్‌కి తేదీ ఇచ్చి ఉంది.

నేను ఫోన్‌లో ఏడ్చాను, అరిచాను, లాభం లేకపోయింది. చివరికి మా ఊరి చర్చి అయ్యగారికి ఫోన్ చేశా. ముసలాయన, స్టేజీలు మైకులు తెలీవు. ఆయన ఇంటికెళ్లి అమ్మతో "సువార్త రాసిన లూకా ఎవరమ్మా? వైద్యుడు. పౌలు ఆయన్ని ప్రియమైన వైద్యుడన్నాడు. నువ్వు రేడియేషన్‌కి వెళ్లు, నేను బయట ప్రార్థన చేస్తా" అన్నాడు. మాట ఇచ్చినట్టే మొదటి రోజు విశాఖ దాకా వెళ్లాడు, ఆ వయసులో. అమ్మ మొత్తం కోర్సు పూర్తి చేసింది. ఇప్పుడు చెకప్‌లకి వెళ్తోంది.

నేను చెప్పేది, మీ అమ్మ నమ్మే మనుషుల్లోనే ఆసుపత్రికి వ్యతిరేకం కానివాళ్లు ఒకరు ఉంటారు. గుడి పూజారో, ఊళ్లో పెద్ద ముత్తయిదువో. వాళ్లని పట్టుకోండి. కొడుకు చెప్తే చదువుకున్నోడి పొగరు అనుకుంటారు.

ఇంకోటి, ఆ కూటాల్లో బాగైనవాళ్లు స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్తారు. బాగవ్వనివాళ్లని ఎవరు ఎక్కిస్తారు? మీ సైకిల్ ఆయన్ని చూసినప్పుడల్లా ఈ మాట గుర్తుంచుకోండి. ఆ గురువు దగ్గరికి వెళ్లిన మిగతావాళ్ల పేర్లు మీ మావయ్యని అడగండి.


గుమాస్తా_విజయనగరం:

చట్టం సంగతి అడగలేదు గానీ చెప్తాను. కోర్టు పక్షి అలవాటు. మంత్రం, తాయెత్తు, కవచం వగైరాలతో ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. జబ్బుల జాబితాలో క్యాన్సర్, షుగర్, పక్షవాతంతో పాటు 'బ్రైట్స్ డిసీజ్' అని ఉంటుంది, అది కిడ్నీ జబ్బుకి పాతకాలం పేరు. కానీ ఆ చట్టం ముఖ్యంగా ప్రకటనల మీద. కరపత్రం, బోర్డు, వీడియో ఏమైనా ఉంటే పనికొస్తుంది. నోటిమాట మీద బియ్యం గింజలు వేసేవాడి దగ్గర దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద విడిగా చట్టాలు చేసుకున్నాయి. మీ గురువు ఉన్నది ఒడిశాలో. కాబట్టి మొదట్లో నిజం_నిప్పు గారు చెప్పిన దారి దూరం.


ఉద్దానం_బాబు:

అందరికీ థ్యాంక్స్. సిస్టర్ గారి పోస్టు ప్రింట్ తీయించి జేబులో పెట్టుకున్నా.

అమ్మని యూనిట్ లోపలికి తీసుకెళ్లాను. అక్కడి సిస్టర్ మంచావిడ, కాసేపు ఉండనిచ్చింది. అమ్మ ముందు మిషన్ వైపు చూడలేదు, గోడ వైపు తిరిగి నిలబడింది. రక్తం ఒక గొట్టంలో వెళ్తూ ఇంకో గొట్టంలో వస్తోందని చూపిస్తే "రెండూ ఒకలాగే ఉన్నాయి, ఏది మంచి రకతం?" అని అడిగింది. దిగాక బరువు రెండు కిలోల పైన తగ్గింది. అమ్మకి చదువు రాదు గానీ అంకెలు వచ్చు, జీడిపిక్కల కాటా దగ్గర ఆవిణ్ని ఎవరూ మోసం చెయ్యలేరు. ఇంటికి వస్తూ ఆటోలో ఆ రెండు అంకెలూ తనలో తాను అనుకుంటూనే ఉంది. ఫిస్టులా అదురు మాత్రం ఆవిడకి బాగా నచ్చింది. పొద్దున్నే పళ్లు తోముకోకముందే నాన్న చెయ్యి లాక్కుని చూస్తోంది, నాన్న విసుక్కుంటున్నాడు.

వెనక వీధి ఆయన కాగితాలు చూశాను. ఆయనకి జబ్బు చెయ్యకముందు పరీక్షలో క్రియాటినిన్ 1.1 ఉంది. విరేచనాలతో ఆసుపత్రిలో చేరాడు. సిస్టర్ గారు చెప్పిందే. ఆయనతోనే అమ్మకి చెప్పించాను. "నాది వేరే అంట పిన్నీ" అన్నాడు. అమ్మ నమ్మిందో లేదో తెలీదు, వాదించలేదు.

మావయ్యతో పెద్ద గొడవే అయింది. కువైట్ అక్క చెప్పినట్టు, అక్కడికి వెళ్లిన మిగతావాళ్ల పేర్లు చెప్పమన్నా. రెండు పేర్లు చెప్పి ఆగాడు. అందులో ఒకాయన పెద్దకర్మకి మేమే వెళ్లొచ్చాం. ఆ తర్వాత మావయ్య ఒక్కడే గురువు దగ్గరికి వెళ్లి, డయాలసిస్ మానకుండా చేస్తావా అని అడిగాడట. మెళ్లో తాయెత్తు వేస్తానన్నాడు, చెరువు స్నానం వదిలేస్తానన్నాడు, కొబ్బరినీళ్లు మాత్రం తప్పదన్నాడు. తాయెత్తు మావయ్య తెచ్చాడు, నాన్న వేసుకున్నాడు. కొబ్బరినీళ్ల దగ్గర అమ్మే ఆగిపోయింది. "గుండి ఆగిపోద్దంటన్నారు, మనకొద్దు" అంది. మావయ్య మాతో మాట్లాడటం మానేశాడు. మళ్లీ ఎప్పుడు మనసు మార్చుకుంటారో అన్న భయం ఇంకా ఉంది.

ఇంకో డౌట్ సిస్టర్ గారూ. కొబ్బరి వద్దు సరే. మా ఊళ్లో కొబ్బరి లేని కూర ఉండదు, పనస సీజన్ వస్తోంది, జీడిపప్పు సొంతంగా ఒలుచుకుంటాం. నాన్న ఏం తినాలి? నీళ్లు ఎన్ని తాగాలి?


డయాలసిస్_సిస్టర్:

మీ అమ్మగారు "ఏది మంచి రకతం" అని అడిగారు చూడు, ఆ ప్రశ్న మా ట్రైనింగ్‌లో కూడా ఎవరూ అడగలేదు. ఇంకోసారి అడిగితే గొట్టాల రంగు చూపించు, ఎర్ర గుర్తు ఉన్నదాంట్లో బయటికి వస్తుంది, నీలం గుర్తు ఉన్నదాంట్లో శుభ్రపడి వెళ్తుంది.

పనస, జీడిపప్పు, కొబ్బరి, అరటిపండు, నీ ఊరి పంటలన్నీ నా నిషేధాల చీటీలోనే ఉన్నాయి, ఏం చెయ్యను. పచ్చికొబ్బరి కూరలో పోపుకి చిటికెడు వేస్తే కొంప మునగదు, కోరి ముద్దలా వెయ్యొద్దు. దుంపలు, కూరగాయలు తొక్కతీసి చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబొయ్యాలి. మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి అవీ పారబోసి అప్పుడు తాలింపు. రుచి పోతుంది, పొటాషియం కూడా చాలావరకు పోతుంది. కొట్లో 'సోడియం తక్కువ ఉప్పు' అని అమ్ముతారు, బీపీకి మంచిదని ఎవరైనా తెస్తే వెనక్కి ఇచ్చెయ్యి, అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది.

డయాలసిస్ మొదలవ్వకముందు మాంసకృత్తులు తగ్గించమని చెప్పి ఉంటారు, ఇప్పుడు అది తిరగబడింది. మిషన్‌లో కొంత పోతుంది కాబట్టి కావాలి. గుడ్డు తెల్లసొన రోజూ, తాజా చేప కొంచెం. ఎంతన్నది మీ డాక్టర్‌తో ఖాయం చేసుకో. నీళ్లు, ముందు రోజు వచ్చిన మూత్రం కొలిచి దానికి అర లీటరు కలుపు, అంతే. టీ, మజ్జిగ, గంజి, రసం అన్నీ ఆ లెక్కలోనే. ఒక సీసాలో పొద్దున్నే కొలిచి పెట్టమని అమ్మగారికి చెప్పు, కాటా దగ్గర గట్టి మనిషి కదా, ఆవిడ చేతిలో లెక్క తప్పదు.

ఎండుచేపలు పూర్తిగా బంద్. ఉప్పు, ఉప్పు వల్ల దాహం, దాహం వల్ల నీళ్లు. ఇది మాత్రం అమ్మగారికి కాదు, నాన్నగారికే ఎదురుగా కూర్చుని చెప్పు. మా దగ్గర అడిగితే పేషెంట్లంతా తినలేదనే అంటారు, సోమవారం బరువు వేరే చెప్తుంది.